పేరు అడిగే టైలరక్క

మా టైలరక్క పోయిన బుధవారం చనిపోయింది. ఆఫ్రికా తూర్పు తీరంలోని వాళ్ళ ఊరి నుంచి ఆమె స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. అక్క సెలవు మీద అక్కడికి వెళ్ళింది. పోలీసులు పట్టుకెళ్ళిన తన తోటిమనిషి కోసం స్టేషన్ ముందు కూర్చుంటే లాఠీలతో కొట్టారు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. గుర్తు తెలియని పురుషుడు రోడ్డు మీద పడి మరణించాడని పోలీసులు రాసుకున్నారట.

గుర్తు తెలియకపోవడం అబద్ధం. పురుషుడనడం అంతకంటే పెద్ద అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

ఇక్కడ గల్ఫ్‌లో, దోహా నగరంలోని అల్ దోహా అల్ జదీదా పేటలో మా బిల్డింగు కింద టైలరింగ్ షాపుంది. వెనక మిషన్ మీద ప్యాంటూ చొక్కాతో కూర్చునే నల్లని మనిషిని మన తెలుగు ఆడవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. షాపులో అందరూ 'కాలూ', అంటే నల్లోడా, అని పిలిచేవారు. మనం ఆది జాకెట్టు ఇచ్చి వచ్చేవాళ్ళం. చంక కింద ముడత పడకుండా కుట్టింది ఆ మనిషే. తన ఊళ్ళో ఒక గుజరాతీ దర్జీ దగ్గర పని నేర్చుకుంటూ హిందీ కూడా నేర్చుకుంది. మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పుట్టినప్పుడు ఆమెను మగపిల్లాడన్నారు. తాను ఆడదాన్నని ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకు తెలుసు. ఒక మధ్యాహ్నం జాకెట్లు ఇవ్వడానికి పైకి వచ్చి ఈ సంగతి నాకు చెప్పింది. నేను బియ్యం ఏరుతున్నాను. అయితే నిన్ను అక్కా అని పిలుస్తానన్నాను. అంటే ఏమిటంది. దీదీ అని చెప్పాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, నా పళ్ళెంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి శుక్రవారాలు మా ఇంట్లోనే. నలుగురితో పంచుకునే గదిలో దాచుకోలేని పసుపుపచ్చ గౌను మా బీరువాలో ఉండేది. అది వేసుకుని, మా పిల్లలతో చాయ్ తాగి, మళ్ళీ మడతపెట్టి వెళ్ళేది. మా ఇంట్లో బట్టల మడత నాకంటే బాగా పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఆయిల్ ధర పెరిగి ఊరు ఊరంతా క్రేన్లు లేచిన రోజులు. పక్కనున్న ముషైరిబ్ పేటలో పాత ఇళ్ళు కూలుతున్నాయి, కొత్త మాల్స్ తెరుస్తున్నారు. శుక్రవారం ఫ్యామిలీ డే అని, కుటుంబం లేని కూలి మగవాళ్ళను మాల్‌లోకి రానిచ్చేవారు కాదు. ఒకసారి అందరం కలిసి వెళితే గార్డు ప్యాంటూ చొక్కాలో ఉన్న అక్కనొక్కదాన్నే ఆపాడు. మా ఫ్యామిలీయే అన్నాను. అతను ఆమె ముఖం చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపి, మెల్లగా అడిగింది.

"భాయ్, నీ పేరేంటి?"

అతను చెప్పాడు. ఆమె ఆ పేరుతోనే పిలిచి, నన్ను ఎందుకు ఆపావో అందరికీ వినపడేలా చెప్పు అంది. అతను అటూ ఇటూ చూసి, "యల్లా, యల్లా, పొండి," అని పక్కకు జరిగాడు.

"ముందు పేరు అడగాలి," అంది లోపలికి నడుస్తూ. "పేరు చెప్పినవాడి చెయ్యి అంత తొందరగా లేవదు."

ఆ పద్ధతి తన ఊళ్ళో నేర్చుకున్నది. అక్కడి పోలీసులు ఆమెలాంటి వాళ్ళను బజార్లో పట్టుకుని కొట్టేవారు. ఎవరిని పట్టుకెళ్ళినా, మిగతావాళ్ళంతా పట్టపగలు స్టేషన్ ముందు కూర్చునేవారు. బయటికి వచ్చిన ప్రతి పోలీసునూ పేరు అడిగి, అందరూ కలిసి ఆ పేరు గట్టిగా చెప్పేవారు. అలా కూర్చున్నందుకే ఒకసారి ఆమె ఎడమ మోచెయ్యి విరగ్గొట్టారు. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపలేకపోయింది. మన జాకెట్లన్నీ ఆ చేత్తో కుట్టినవే.

తోటిమనిషిని పట్టుకెళ్ళారని ఊరి నుంచి కబురొచ్చి సెలవు పెట్టినప్పుడు, ఈసారి వెళ్ళవద్దని బతిమాలాను. "పోయినసారి నా కోసం వాళ్ళు ఎండలో కూర్చున్నారు," అంది. "నేను ఇక్కడ చాయ్ తాగుతూ కూర్చోవాలా?"

చావు కబురు చెబితే, కూతురి పెళ్ళి జాకెట్లన్నీ ఆమె చేతనే కుట్టించుకున్న మా పక్కింటావిడ అన్న మాట ఇది: "ఏం చెయ్యంది పోలీసోళ్ళు ఊకెనే కొడ్తరా వదినా? ఆడో మగో, మనకెందుకు?"

"నీ బిడ్డ పెండ్లికి కుట్టినప్పుడు ఆడో మగో అడిగినవా?" అన్నాను. "సచ్చినామె ఏం జేసిందని అడుగుతున్నవ్. కొట్టినోడు ఏం జేసిండని ఒక్కరన్న అడగరేంది?"

అంత కోపం దేనికంది. కోపమే. ఎదురైన ప్రతివాణ్ణీ పేరు అడిగిన మనిషికి కాగితం మీద పేరు లేకుండా చేశారు. కొట్టినవాళ్ళ పేర్లూ ఆ కాగితం మీద లేవు.

నిన్న ఆ స్నేహితురాలు మళ్ళీ ఫోన్ చేసింది. ఆసుపత్రి నుంచి స్టేషన్‌కు తెచ్చిన శవాన్ని మగ బంధువులకే ఇస్తామని, మగబట్టల్లోనే పూడ్చాలని పోలీసులు పట్టుబట్టారట. స్నేహితురాళ్ళు స్టేషన్ గేటు ముందు నుంచి కదల్లేదు. చివరికి అక్క తల్లి వచ్చి, ఇది నా కూతురు, నాకివ్వండి అని నిలబడితే తప్ప ఇవ్వలేదు. స్నానం చేయించి బట్టలు తొడగడానికి లోపల గది అడిగితే మాత్రం కుదరదన్నారు.

ఎండ నడినెత్తిన ఉంది. స్నేహితురాళ్ళు తమ ఒంటి మీద కప్పుకున్న పూల గుడ్డలు తీసి, అంచుకు అంచు చేర్చి, చేతులెత్తి పట్టుకున్నారు. బజార్లో చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించి వచ్చి తమ గుడ్డలూ కలిపారు. రోడ్డు మీద శవం చుట్టూ గుడ్డల గోడ లేచింది. లోపల తల్లి కూతురికి స్నానం చేయించి, ఆడబట్టలు తొడుగుతోంది. స్టేషన్ వరండాలోంచి పోలీసులు చూస్తున్నారు. సముద్రం గాలికి గుడ్డలు ఉబ్బి ఎగిరిపోబోతున్నాయి. ఒక్కరి చెయ్యీ దిగలేదట.