లిఫ్టు బావ ద్వీపయాత్ర

మా బావ లిఫ్టు మెకానిక్. పెద్ద పెద్ద భవనాల్లో ఇనుప తాళ్లు వేలాడే చీకటి గొయ్యిలోకి దిగి, లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి, ఈల వేసుకుంటూ గ్రీజు రాసే మనిషి. అక్కణ్నించి కిందికి చూడమంటే నాకు కళ్లు తిరుగుతాయి. ఆయన అక్కడే కూర్చుని క్యారేజీ విప్పుకుని తింటాడు. నాకు బావ కాబట్టి బావా అంటాను, అది విని వీధి వీధంతా 'లిఫ్టు బావ' అనడం మొదలుపెట్టింది. ధైర్యంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. పిసినారితనంలో కూడా మించినవాడు లేడని అంతకంటే పెద్ద పేరు.

ఆ రెండో పేరు ద్వీపం వల్ల వచ్చింది.

మా అక్క మందుల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల దగ్గులూ, కడుపునొప్పులూ వినడమే ఆమె ఉద్యోగం. ఎదురుగా గోడమీద ఎప్పటిదో టానిక్కు కంపెనీ క్యాలెండరు ఒకటుంది. చుట్టూ ఆకుపచ్చటి నీళ్లు, మధ్యలో తెల్లటి ఇసుక, నాలుగు కొబ్బరిచెట్లు. పెళ్లైన కొత్తలో అక్క దాన్ని చూపించి, "ఏవండీ, నగలొద్దు, చీరలొద్దు, నన్నొక్కసారి ఇలాంటి చోటికి తీసుకెళ్లండి చాలు," అంది. బావ "ఓస్, ఇంతేనా!" అన్నాడు. అన్న తరవాత ఆ నోటిని ఎన్నిసార్లు తిట్టుకున్నాడో ఆయనకే తెలియాలి.

అప్పట్నించీ ఏటేటా వాళ్లింట్లో ద్వీపయాత్ర ఏర్పాట్లు జరుగుతూనే ఉన్నాయి. యాత్ర మాత్రం జరగదు.

ఏర్పాట్లంటే ఆషామాషీగా కాదు. బావ భోజనం బల్ల తుడిచి, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు. ఆ కళ్లజోడు నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులోదే, దానికీ బేరమాడాడు, మరదల్నని కూడా చూడలేదు. సీజనులో వెళ్లేవాడు వెర్రివాడట, వానలకి ముందు వెళితే గదులు సగం ధరకే ఇస్తారట. సముద్రం కనపడే గది దండగట, సముద్రం చూడ్డానికి బయటికి వెళ్తాం గానీ గదిలో పడుకుని చూస్తామా అని వాదన. అందుకని వంటింటి వెనక గది. సామాను బరువెక్కకుండా లావు బట్టలన్నీ ఒంటిమీదే వేసుకుని వెళ్లాలి. "ఎండలో ఉడికి చస్తామండీ," అని అక్క అంటే, "దిగ్గానే విప్పేస్తాంగా," అనేవాడు. నీళ్లలో ఆడుకునే ట్యూబు అద్దెకి తీసుకోవడం దేనికి, లారీ ట్యూబు ఒకటి గాలి తీసి మడతపెట్టి తీసుకెళ్తే సరి.

నవ్వుకోకండి. ఆయన చెప్పిన లెక్క పట్టుకుని పక్కింటివాళ్లు వెళ్లొచ్చారు, ఎదురింటివాళ్లు వెళ్లొచ్చారు. నల్లగా మాడి, పళ్లికిలించుకుంటూ వచ్చి దండం పెట్టారు. వాళ్లెవరొచ్చినా బావ ముందు అడిగేది గది గురించి కాదు, తిండి గురించి కాదు. "లాంచీ ఊగిందా?" అని.

ఆ ద్వీపానికి రేవునించి లాంచీలో వెళ్లాలి, మరో దారి లేదు. బావ లెక్కలన్నీ ఆ రేవుదాకా చక్కగా నడుస్తాయి. లాంచీ టికెట్టు దగ్గరికి రాగానే ఆగిపోతాయి. ఒక ఏడు, ఛార్జీలు పెంచారు, దొంగవెధవలు, అన్నాడు. ఇంకో ఏడు, పిల్లకి అర టికెట్టు ఇవ్వరట, ఎంత అన్యాయమో చూడు, అన్నాడు. ఆ పిల్ల, అంటే మా అక్క కూతురు, అప్పటికే లాంచీ బొమ్మ గీసి గోడకి అంటించుకుంది. మరో ఏడు ఏమీ దొరక్క, రేవులో చెప్పులు పోతున్నాయట, అన్నాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషని వీధిలో అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు.

ఒకరోజు తన మందుల షాపులో బేరాల్లేని వేళ టీ తాగుతూ నాతో అంది. "బస్సుకి పెడతానంటారు, గదికి పెడతానంటారు. లాంచీ టికెట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. అంటే ఏమిటే? నామీద ఆ కాస్త పెట్టడానికి కూడా మనసు రావట్లేదనే కదా. ద్వీపం పోతే పోయింది. నేను ఆ టికెట్టుపాటి చెయ్యనా?" కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఎవరో దగ్గుమందు కోసం వస్తే గబుక్కున కళ్లు తుడుచుకుని సీసా అందించింది. నాకు బావని పట్టుకుని ఉతికెయ్యాలనిపించింది.

అంతలో ఆ క్యాలెండరు టానిక్కు కంపెనీవాళ్లు, సరుకు బాగా అమ్మారని మెచ్చుకుని, అక్కకి లాంచీ పాసులు ఊరికే ఇచ్చారు. నలుగురికి. అక్క ఆ పాసులు పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. బావ వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, "ఊరికే ఎక్కించుకునే లాంచీ అంటే ఎలాంటిదై ఉంటుందంటావ్? చిల్లుదై ఉంటుంది," అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా కాదనని మనిషి, పాసులు వద్దంటున్నాడంటే ఇది డబ్బు జబ్బు కాదు.

మర్నాడు ఆయన పనిచేసే భవనానికి క్యారేజీ నేనే తీసుకెళ్లాను. పైన మోటారు గదిలో, జుట్టుకి బూజు అంటించుకుని, ఏదో మర బిగిస్తున్నాడు. తలుపు మూసి అడిగేశాను. "బావా, నిజం చెప్పండి. మీకు లాంచీ అంటే భయం కదూ?"

స్పానరు చేతిలోంచి జారింది.

"నెమ్మదిగా అనవే తల్లీ. కింద వాచ్‌మన్ ఉన్నాడు."

"చిన్నప్పుడు మునిగిపోయారా ఏమిటి?"

"మునగలేదు."

"ఎవరైనా మునగ్గా చూశారా?"

"చూళ్లేదు. ఏమీ జరగలేదే! జరిగుంటే బాగుండును, చెప్పుకోడానికి ఒక కారణమైనా ఉండేది. ఊరికే భయం. కింద నేల లేదు, పైన తాడు లేదు. దేన్ని పట్టుకుని వేలాడతామే అసలు?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "మరి అక్కకి చెప్పొచ్చుగా! మీరు తనమీద ఖర్చు పెట్టడానికి ఏడుస్తున్నారనుకుని కుమిలిపోతోంది."

బావ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "పిసినారి అంటే పడతానే. నలుగురూ నవ్వి ఊరుకుంటారు. పిరికివాడంటే ఎలా? మీ అక్క నన్ను చేసుకున్నదే, ఇంత ఎత్తున వేలాడుతుంటే చూసి." ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నేనూ తెలివితక్కువగా వేశాను. కక్కలేక మింగలేక నా తిప్పలు నేను పడ్డాను.

అక్క ఊరుకునే రకం కాదు. ఈసారి బావ కళ్లజోడు తనే పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. వానల ముందు రోజులే చూసింది. ఎదురింటివాళ్లు దిగిన చోటే, వంటింటి వెనక గదే మాట్లాడింది, పైగా రెండు రాత్రులుంటే మూడోది ఊరికే ఇస్తామని వాళ్లచేత అనిపించింది. బస్సు రాయితీ సంపాదించింది. ఉన్న ఇంటిని ఆ నాలుగు రోజులూ పెళ్లికొచ్చిన ఎవరి చుట్టాలకో అద్దెకిచ్చింది. అంతా కూడి, "ఇప్పుడు ఇంట్లో కూర్చుంటేనే మనకి ఖర్చెక్కువ. చెప్పండి, ఏం వంక పెడతారో పెట్టండి," అంది. బావ కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడాడు. చెప్పులు పోతాయేమో అని సణిగాడు. చెప్పుల్లేకుండా రండి, అంది అక్క.

అలా రేవుకి చేరాం. ఒంటిమీద రెండేసి చొక్కాలతో, చెమటలు కారుకుంటూ. గాలి కాస్త ఎక్కువగా ఉంది. లాంచీ తెల్లరంగు వేసుకుని, కొత్తదే, గట్టుకి ఆనీ ఆనకుండా ఊగుతోంది. గట్టుకీ లాంచీకీ మధ్య జానెడు సందు. అక్క దాటింది, పిల్ల గెంతింది. బావ ఆ సందు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. సందులో నీళ్లు కనపడుతున్నాయి. వెనక వరుసలో జనం తోస్తున్నారు.

"ఏమండీ, రండి!"

"మీరు వెళ్లండే. నేను... ఇక్కడ సామాను..."

"సామాను నా చేతిలోనే ఉంది."

"ఊళ్లో పనుంది."

అక్క లాంచీ దిగి గట్టుమీదికి వచ్చేసింది. మొహం ఎర్రగా కందిపోయింది. "పాసులు ఊరికే వచ్చాయి. గది సగానికి వచ్చింది. ఇంకా నామీద ఏం దండగవుతోందండీ మీకు? చెప్పండి! ఇంతమందిలో చెప్పండి, నేను మీకు ఏపాటి చేస్తానో!"

"దండగా లేదు, పాడూ లేదు! నాకు భయమే! భయం!" అని అరిచాడు బావ.

వెనక తోస్తున్నవాళ్లు ఆగిపోయారు. లాంచీ లోపల్నించి పిల్ల తల బయటికి పెట్టి, "నాన్నకా?" అంది.

అక్క ఆయన మొహంలోకి చూసింది. "డబ్బు గురించి కాదా?"

"కాదు."

"నామీద పెట్టడం ఇష్టంలేక కాదా?"

"ఛఛ! అదేం మాటే? నీళ్లంటే భయం. అంతే. మీ చెల్లెల్ని అడుగు, దానికి తెలుసు."

అక్క నావైపు ఒక్క చూపు చూసింది, నీ సంగతి తరవాత చెప్తాను అన్నట్టు. మరుక్షణం నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఇన్నేళ్లు! ఇన్నేళ్లు పిసినారి, పిసినారి అని నోటికొచ్చినట్టు తిట్టానే ఈయన్ని! నోరెత్తి ఒక్క మాట చెప్పలేదే!" లాంచీవాడు గంట కొట్టాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే, మీరుండండి. నాకు కోపం లేదు, ఒట్టు. కానీ నేను చూడాలి, నేను వెళ్తున్నా. చెల్లీ, ఈయన్ని చూసుకో." అని గెంతి ఎక్కేసింది. అలా నా పాసు నీళ్లపాలైంది. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

లాంచీ కదిలింది. బావ రేవులో ఒక ఇనుప దిమ్మమీద కూర్చున్నాడు. గుట్టు బయటపడ్డందుకు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. పీల్చుకోలేదు.

"ఏమే, అది ఒక పక్కకి ఒరిగినట్టు లేదూ?"

"లేదు బావా. అది తిరుగుతోంది."

"మీ అక్క అంచున నిలబడినట్టుంది. పిల్ల చెయ్యి పట్టుకుందా?"

"ఇంత దూరంనించి నాకెలా కనపడుతుంది?"

లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. "నేను లిఫ్టు బాగుచేశాక ముందు నేనెక్కి పైకీ కిందికీ తిరిగొస్తేగానీ ఇంకొకర్ని ఎక్కనివ్వను. తెలుసా నీకు? ఇన్నేళ్లలో ఒక్కసారి ఎక్కనివ్వలేదు. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్లని కూడా. ఇవాళ నా పెళ్లాన్నీ నా పిల్లనీ ముందు పంపించి, నేను గట్టున కూర్చున్నానే!" భయపడే మనిషిమీద జాలిపడొచ్చు గానీ, అప్పుడు నాకు ఆయనమీద కలిగింది జాలి కాదు, గౌరవం.

తరవాతి లాంచీ మర్నాడే. రేవు చివర ఒక స్పీడు బోటు ఉంది. లాంచీ పక్కన అది అగ్గిపెట్టెంత. ఒడ్డున కట్టేసి ఉండగానే ఎగిరెగిరి పడుతోంది. బావ దాన్ని చూశాడు. బోటువాడు ధర చెప్పడానికి నోరు తెరిచేలోపల జేబులో ఉన్న నోట్లన్నీ తీసి వాడి చేతిలో పెట్టి, "తొందరగా పోనియ్," అన్నాడు. నాకు మతిపోయింది.

లైఫ్‌జాకెట్టు ఒకటి వేసుకుని, దానిమీద ఇంకోటి వేసుకుని, మూడోది ఒళ్లో పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్న పట్టుకి నా గాజులు వంకరపోయాయి. బోటు ఎగిరినప్పుడల్లా కళ్లు మూసుకుని లిఫ్టు సామాన్ల పేర్లు చదివాడు: మోటారు, కప్పీ, తాడు, బ్రేకు, మోటారు, కప్పీ, తాడు, బ్రేకు. బోటువాడు ఇదేదో మంత్రమనుకుని స్పీడు తగ్గించాడు. "తగ్గించకు!" అని అరిచాడు బావ, కళ్లు తెరవకుండానే.

సగం దారిలో లాంచీని దాటేశాం. పైన అంచున అక్క నిలబడి ఉంది, పిల్ల చెయ్యి పట్టుకునే ఉంది. మూడు జాకెట్ల మూటలా తన మొగుడు పక్కనించి దూసుకుపోతుంటే నోరు తెరుచుకుని చూసింది. పిల్ల గంతులేసి చెయ్యి ఊపింది. "ఊగుతోందా అది?" అన్నాడు బావ. "నిక్షేపంగా ఉంది," అన్నాను. అప్పుడు ఒక కన్ను తెరిచాడు.

లాంచీ ద్వీపం చేరేసరికి బావ రేవు మెట్లమీద నిలబడి ఉన్నాడు. జాకెట్లు ఇంకా విప్పలేదు. అక్క దిగింది. చుట్టూ క్యాలెండరులో ఉన్నవన్నీ ఉన్నాయి గానీ అటు చూడలేదు. తిన్నగా బావ దగ్గరికి వచ్చి, ఇన్నేళ్ల అలవాటు కాబట్టి, ముందు అదే అడిగింది.

"ఎంత తీసుకున్నాడు?"

బావ తల గోక్కున్నాడు. "అడగలేదే," అన్నాడు.

అక్క అక్కడే మెట్టుమీద కూలబడి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా భోరున ఏడ్చింది. బావ పక్కన కూర్చుని, జాకెట్టు ఒకటి విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు. చాలాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, "అడక్కుండా ఎవరైనా ఇచ్చేస్తారండీ?" అని దెబ్బలాట మొదలుపెట్టింది.