రాజుగారు ఉరకమన్న రోజు

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన పని భయపడటం ఒక్కటే. మిగతా పనులన్నీ కంపెనీ నేర్పింది. ఇరవై మూడేళ్ల వయసు, వయసును మించిన పొట్ట, చిన్నప్పుడు ఆయాసం ఉండేదన్న రహస్యం, ఈ మూడింటినీ మోసుకుని జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఖతర్‌లోని బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో దిగాను. (ఖతర్ అన్న పేరులోనే సగం ఖతర్నాక్ ఉందని విమానం ఎక్కేటప్పుడే అనుమానించాను.) బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల సారు లాగేసుకుంటే సంతోషించిన ఏకైక పిల్లవాణ్ణి నేను. అలాంటివాణ్ణి, ఆటల కోసం దేశానికంతటికీ సెలవిచ్చే రాజ్యంలోకి వచ్చిపడ్డానని నాకేం తెలుసు?

కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ మళ్లీ మెడికల్ చేస్తారు. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. పాసైతే ఐడీ కార్డు, లేకపోతే తిరుగు విమానం. నా పై మంచం మీది ఆర్మూర్ అన్నకు ఊపిరితిత్తుల్లో ఏదో మచ్చ కనబడి 'అన్‌ఫిట్' అన్నారు. కొన్నాళ్లకే పై మంచం మీద చుట్టిన పరుపు మిగిలింది. పోతూ పోతూ తన మామిడికాయ తొక్కు పచ్చడి డబ్బా నాకిచ్చాడు. ఆ తొక్కు తిన్నప్పుడల్లా నాకు దగ్గొచ్చేది, దగ్గినప్పుడల్లా ఆ మచ్చ కూడా నాకే ఇచ్చిపోయాడేమో అనిపించేది. నా ఫలితం ఇంకా చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే, ఫిబ్రవరిలో, క్యాంపు గోడ మీద కాగితం అంటించారు. మంగళవారం డ్యూటీ లేదు, పొద్దున ఆరింటికి అందరూ మైదానానికి రావాలి, నర్సులు బీపీ చూస్తారు, ఆ తర్వాత పరుగు. ఇదెవరి ఆర్డర్ అని మా బస్సు డ్రైవర్ హైదరాబాద్ భాయ్‌ని అడిగాను.

“అమీర్ సాబ్ హుకుం తమ్మీ. ముల్క్ మొత్తం ఉరకాలె. మినిస్టర్లు గూడ ఉరుకుతరు.”

“ఉరకకపోతె, భాయ్?”

“హుకుం అంటున్న గదా,” అని ఆయన అద్దం తుడుచుకోసాగాడు.

ఆయన ఆట పట్టించాడో లేదో నాకీ రోజుకీ తెలియదు. నాకు మాత్రం అంతా అర్థమైపోయింది: ఎక్స్‌రేకి దొరకని అన్‌ఫిట్ గాళ్లను ఉరికించి పట్టుకుంటారన్నమాట! పని మానేసి ఆడుకోండని ఆజ్ఞ వేసే ప్రభుత్వం ఉంటుందని నమ్మడం కన్నా ఇది నమ్మడమే నాకు తేలికైంది. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, రాజు ఉరకమంటున్నాడని చెప్పాను. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

“దుబాయ్ రాజు నిన్నెందుకు ఉరకమంటుండు బిడ్డా? ఏం జేసినవ్?”

ఏం చేయలేదన్నాను. ఆమె నమ్మలేదు. ఆ గొంతు విన్నాక నేనూ నమ్మలేదు.

మంగళవారం అందరికీ తెల్ల టీషర్టులు పంచారు. నాది బొడ్డు దగ్గర ఆగిపోయింది. ఛాతీకి నంబరు గుచ్చారు. ఎక్స్‌రే గదిలోనూ నంబరుతోనే పిలిచారని గుర్తొచ్చి దాన్ని అరచేత్తో కప్పుకున్నాను. నర్సు బీపీ చూసి, టెన్షన్ ఉందా అని హిందీలో అడిగింది. లేదని నేను ఎంత గట్టిగా చెప్పానంటే, ఆమె పట్టీ మళ్లీ కట్టి ఇంకోసారి చూసింది. మా గదిలో అందరికన్నా పెద్దవాడైన మెట్‌పల్లి కాక హవాయి చెప్పులతోనే వచ్చాడు.

“ఉరకకు పిలగా. నడిస్తె సాలు, అరటిపండు ఇస్తరు.”

కాకకేం, ఎన్నైనా చెబుతాడు, ఆయన జేబులో ఐడీ ఉంది. విజిల్ మోగింది. మూడు వందల మంది ముచ్చట్లు చెప్పుకుంటూ, ఫోటోలు దిగుతూ కదిలారు. నేనొక్కణ్ణే ఉరికాను. రెండో చుట్టులో చిన్ననాటి ఆయాసం పిల్లికూతలతో సహా వచ్చేసింది. కళ్లముందు చుట్టిన పరుపు, దాని మీద నా పేరు. గీత దాటి, అరటిపండ్ల పెట్టెల మీద పడి, “ఫిట్... ఫిట్...” అని రొప్పాను. క్యాంప్ బాస్ ఫిట్స్ అనుకుని పరుగున వచ్చి నా పిడికిట్లో తాళాలగుత్తి పెట్టాడు. (జీవితంలో పరుగు, పరువు ఒకేసారి ముగిసింది నాకు ఆ ఒక్కరోజే.)

మొదటి బహుమతి అంటూ ఒక కంబళి, గుండ్రటి ముద్ర వేసిన అరబీ కాగితం చేతిలో పెట్టారు. ముద్ర ఉందంటే ఫిట్ అయినట్టే! మర్నాడే ఆఫీసుకెళ్లి, వీసా కాగితాలు చూసే ఆయన ముందు దాన్ని రెండు చేతులా ఉంచాను. ఆయన కాగితం చదివాడు, నన్ను చూశాడు, మళ్లీ చదివాడు. ఆ రెండు నిమిషాలు పరుగుకన్నా ఎక్కువ చెమట పట్టింది. చివరికి సొరుగు లాగి నా ఐడీ కార్డు తీసిచ్చాడు. వచ్చి నాలుగు రోజులైందట; సెలవు హడావిడిలో ఇవ్వడం మర్చిపోయాడట.

ఇప్పుడు నేను అదే కంపెనీలో స్టోర్ చూస్తున్నాను. షుగరుంది, డాక్టరు నడవమంటాడు. ఏటా ఆ మంగళవారం నాడు మాత్రం, కాక చెప్పినట్టే, అరటిపండు దాకా నడుస్తాను. ఐడీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడల్లా పాస్‌పోర్టు కింద ఆ ముద్ర కాగితం కూడా పెట్టుకుంటాను. అదేమిటో తెలియక కాదు. పొట్టమీద ఆగిన టీషర్టుతో, ప్రాణాలరచేత పట్టుకుని ఒంటరిగా ఉరుకుతున్న ఆ పిలగాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను కూడా. అయినా, కౌంటర్ దగ్గర నా నంబరు పిలిచేలోగా, దాన్ని ఒకసారి తడిమి చూసుకుంటాను.