సుద్దతో రాసిన మూల

పొద్దున్నే టీ పెట్టుకోకముందు ఇప్పుడు నేనే వెదురుకర్ర పట్టుకుని ఇంటి కప్పు తడుతున్నాను. మొన్న ఎండాకాలం దాకా అది మా ఆయన పని. గదిగదీ తిరిగి స్లాబును తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా గోదావరిఖని ఇళ్లు అదురుతాయి, పెచ్చులు ఊడతాయి. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది. లోపల విడిచిన చోట బొదబొదమంటుంది.

ఆయన పేరు పోశం. గనిలో సర్దారు. షిఫ్టు మనుషుల కంటే ముందు తను పోయి పనిచోట కప్పు తట్టి చూసేవాడు. బాగుంటే సుద్దతో తేదీ, పక్కన తన సంతకంగా 'పో' అని రాసేవాడు. అది చూశాకే మిగతావాళ్లు అడుగు పెట్టేది. అనుమానం ఉన్న చోట సున్నా చుట్టి, సపోర్టు నిలబెట్టేదాకా ఒక్కరినీ పోనిచ్చేవాడు కాదు. ఎవరు తొందరపెట్టినా, తిట్టినా అంతే.

అంత జాగ్రత్త మనిషి తనకు మలంలో నెత్తురు పడుతున్న సంగతి మాత్రం దాచాడు. వేడిలో పనిచేసేవాళ్లకు మొలలు మామూలే అని గనిలో అందరూ అనుకునే మాటే తనూ నమ్మాడు. మజ్జిగ తాగి డ్యూటీకి పోయేవాడు. బట్టలు ఉతుకుతుంటే నాకు తెలిసింది. దవాఖానకు తీసుకుపోయాను. మలాశయంలో గడ్డ, ముక్క పరీక్షలో క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ పొమ్మన్నారు.

అప్పటికి ఆయన రిటైరుమెంటు దగ్గర పడింది. ఆఖరి రోజు కూడా తనే గనిలోకి దిగాలి, కప్పు తట్టి సుద్దతో రాసి పైకి రావాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

"గడ్డను జల్ది కోపిచ్చుకుంట, జల్ది లేస్త," అన్నాడు రైల్లో.

అక్కడ డాక్టరమ్మ భావ్య ముందు ఎమ్మారై రాసింది. గడ్డ పక్కనున్న లింఫు గ్రంథుల్లోకి రోగం పాకిందేమో దాంతో అంచనా కట్టొచ్చంది. మెషిన్ గది ముందు ఈయన గడియారం, మొలతాడు తీసిచ్చాడు. ఇంకేమైనా ఇనుము ఉందా అని అక్కడి పిల్ల అడగగానే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. గనిలోకి దిగేముందు అగ్గిపెట్టెల కోసం తడుముతారు కదా, ఆ అలవాటు.

"బీడీలు లెవ్వు బిడ్డా, సూస్కో."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. బయటికొచ్చాక నాతో అన్నాడు, "లోపల ఒకటే తట్టుడే. నా సర్వీసుల నేను గూడ గంతగనం తట్టలే."

మర్నాడు డాక్టరమ్మ కంప్యూటర్‌లో బొమ్మ చూపించి, గింజల్లా ఉన్న రెండు గ్రంథుల చుట్టూ సున్నాలు చుట్టింది.

"గింతంత ఉన్నయి. ఇవేం జేస్తయి మేడం?" అన్నాడు.

"సైజు ఒక్కటే చూడం పోశం గారూ. అంచు గరుకుగా ఉంది, లోపల రంగు ఒకేలా లేదు. అందుకే అనుమానం. ఖాయంగా తెలిసేది తీసి ల్యాబులో చూశాకే."

"మరి కోసెయ్యుండ్రి."

"ముందు రేడియేషన్, అదే కరెంటు పెట్టాలి, మందులివ్వాలి. గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్. కొన్ని నెలలు పడుతుంది."

ఆయన లేచి నిలబడ్డాడు. "గప్పటికి నా డ్యూటీ ఒడుస్తది. ముందు కోస్తెనే కోయుండ్రి, లేకుంటే పోత."

నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం నోరు ఊరుకోలేదు.

"బావా, నువ్వు సున్నా చుట్టినకాడికి మనుషులను పంపుతవా?"

"సపోర్టు పెట్టకుంటనా? ఎట్ల పంపుత?"

"మరి గా మేడం గూడ సున్నానే చుట్టింది గద."

బొమ్మలోని సున్నాలకేసి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా ఇంటిది గూడ సర్దారైంది మేడం. రాయుండ్రి మందులు."

కరెంటు పెట్టించుకుంటుండగానే రిటైరుమెంటు రోజు వచ్చి పోయింది. ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక, సున్నా చుట్టిన రెండింటిలో ఒకదాంట్లో ఇంకా రోగం ఉందని ల్యాబులో తేలింది. డాక్టరమ్మ అనుమానం ఉత్తది కాదు.

ఇంటికొచ్చాక నడిచే శక్తి రాగానే కర్ర అడిగాడు. అన్ని గదులూ తట్టాడు. వంటింటి మూలన స్టూలు ఎక్కి, స్లాబు మీద సుద్దతో తేదీ వేసి 'పో' అని రాశాడు.

"ఇగ అయింది నా ఆఖరి డ్యూటీ," అని దిగాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు బాగా బతికాడు. సంతకు పోయాడు, నాతో కొట్లాడాడు, రోజూ కప్పు తట్టాడు. ఆఖరికి రోగం కాలేయంలో తేలింది, మొన్న ఎండాకాలం నన్ను విడిచిపోయాడు. ఏడుపొస్తుంది. కానీ ఆ రోజు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టడం మంచిపనే. అందులో నాకు అనుమానం లేదు.

మొన్న ఇంటికి సున్నం వేసుకున్నాను. సాయానికి వచ్చిన పక్కింటి సారక్క వంటింటి కప్పు మూలకేసి చూసింది.

"గీ మూలకెందుకు ఇడిసిపెట్టినవే? మచ్చ లెక్క కనబడ్తంది."

కర్ర తీసుకుని ఆయన సుద్దరాత పక్కన తట్టాను. ఖంగుమంది.

"కప్పు మంచిగనే ఉన్నదక్కా," అని బ్రష్షు బకెట్లో పడేశాను.