ఎడమ చెవిలో వాయించే తండ్రి

ఆ సోమవారం పొద్దున ఏడు గంటల షోకి మైకు ముందు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎడమ వైపు చప్పుడు లేదు. నేను చేసిన మొదటి పని హెడ్‌ఫోన్‌ను తిట్టడం. "ఈ కొంపల ఒక్క సామాను సక్కగ ఉండదు" అని గొణుక్కుని, కుడి కప్పు కుడి చెవికి పెట్టుకుని షో నడిపించేశాను. పద్నాలుగేళ్లుగా రేడియోలో ఉన్నాను. హెడ్‌ఫోన్ వైర్లు తెగడం మాకు కొత్త కాదు.

మా రేడియోవాళ్లకు ఒక అలవాటుంది. షోలో మాట్లాడేటప్పుడు రెండు చెవులూ మూసుకోం. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండోది ఖాళీగా. అలా అయితేనే మన గొంతు మనకు మామూలుగా వినిపిస్తుంది. అందుకని ఒక చెవి పోయినా మా పని ఆగదు. ఆ రోజు ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో!

ఎడమ చెవిలో సన్నటి కూత కూడా మొదలైంది. కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే చప్పుడు లాంటిది. ఆ నేరం ఏసీ మీదకి తోశాను. రెండో రోజు ఇంకో హెడ్‌ఫోన్ తీసుకుంటే దానికీ ఎడమ వైపు పోయింది. మూడో రోజు ఇంట్లో ఉన్న నా సొంతదానికీ అంతే. మూడు హెడ్‌ఫోన్లకూ ఒకే వైపు పోయిందని వేరేవాళ్లు ఎవరైనా చెబితే, అదెలా పోతుందని నేనే పడీ పడీ నవ్వేవాణ్ని. నా దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నే తట్టలేదు. నా చెవి మీద నాకు అంత పొగరు.

ఆ పొగరు నాకు మా అన్న మాధవ పెట్టిన భిక్ష. మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ పక్క గల్లీలో. నాన్న హుస్సేనీ ఆలంలో ఒక చిన్న గుడిలో పూజారి, ఆయన తర్వాత ఇప్పుడు అన్న. కాలేజీ రోజుల్లో అన్న జుమ్మేరాత్ బజార్లో తుక్కు కుప్పలు తిరగేసి క్యాసెట్లు ఏరుకొచ్చేవాడు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు అమ్మేసుకున్నవి. అట్ట మీద ఉన్నది ఏ లిపో కూడా మాకు తెలిసేది కాదు. ఒకదాంట్లో గంటసేపు ఊద్ అనే అరబ్బుల తీగవాయిద్యం ఒక్కటే. ఇంకోదాంట్లో పోర్చుగల్ ఆవిడ ఎవరో సముద్రాన్ని తిడుతున్నట్టు, బతిమాలుతున్నట్టు పాడేది. మూడోది నీలం అట్ట మీద పడవ బొమ్మ ఉన్నది. మాలి దేశపు తండ్రీకొడుకులు చెరొక కోరా పట్టుకుని వాయించారు. కోరా అంటే పెద్ద సొరకాయ బుర్రకు తీగలు బిగించిన వాయిద్యం.

మాకున్నది ఒకటే వాక్‌మన్, ఒకటే ఇయర్‌ఫోన్ జత. లోకల్ రైల్లో కుడి ముక్క అన్న పెట్టుకునేవాడు, ఎడమ ముక్క నేను. ఆ కోరా ఆల్బమ్‌లో ఎడమ వైపు తండ్రి వాయిస్తాడు, కుడి వైపు కొడుకు. అంటే ఏళ్ల తరబడి నేను తండ్రినే విన్నాను, అన్న కొడుకునే విన్నాడు. తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో రెండు పెద్ద స్పీకర్ల మధ్య కూర్చుని వింటే, తండ్రి అడిగే ప్రతి మాటకూ కొడుకు జవాబు చెబుతున్నాడని తెలిసింది. అందరి ముందూ ఏడ్చేశాను. రేడియోకి వెళ్లింది ఆ ఏడుపు కోసమే. ఆదివారం ఒక గంట దేశదేశాల సంగీతం వేసే షో నాకు దక్కింది. ఏ కొత్త ఆల్బమ్ వచ్చినా ఆ మూడు క్యాసెట్ల పక్కన నిలబెట్టి చూసేవాణ్ని.

ఎనిమిదో రోజు నా హెడ్‌ఫోన్ పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లో రిపేర్లు చేసే రహీం భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన తన చెవులకు పెట్టుకుని, రెండు వైపులా బాగానే పలుకుతోందని తల ఊపాడు.

"బరాబర్ చల్‌రా భాయ్. దోనో తరఫ్ మస్తు ఆవాజ్ ఆరీ."

"ఎడమ దిక్కు సచ్చింది రహీం భాయ్. మంచిగ చూడు."

ఆయన హెడ్‌ఫోన్‌ను అటుదిటు తిప్పి నా తలకు పెట్టాడు. ఇప్పుడు బాగున్న కప్పు నా ఎడమ చెవికి వచ్చింది. చప్పుడు లేదు. ఆయన నా మొహం చూసి మెల్లగా అన్నాడు. "భాయ్, కాన్ దిఖాలో డాక్టర్ కు."

"నా చెవి సంగతి నాకు తెల్వదా? ఈ చెవితోనే బతుకుతున్న నేను!" అని బజారంతా వినేలా అరిచాను.

"గుస్సా నక్కో కరో భాయ్" అన్నాడు, పైసా తీసుకోకుండా.

నిజానికి అది కోపం కాదు, భయం. ఆ భయంతోనే ఇంకో మూడు రోజులు డాక్టర్ దగ్గరికి పోలేదు. పదకొండో రోజు స్టూడియోలో లేచి నిలబడితే గది గిర్రున తిరిగింది. అప్పుడు అన్నకు ఫోన్ చేశాను. గుడి తాళం పక్కింటివాళ్లకు ఇచ్చి పరుగున వచ్చాడు. "పదకొండు దినాలాయె! నాకొక్క మాట చెప్పవైతివేందిరా?" అని ఆటోలో దారి పొడుగునా తిట్టాడు. నా ఎడమ పక్కన కూర్చుని తిడుతుంటే సగం వినపడలేదు.

ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష రిపోర్టు, చూసి ఈఎన్‌టీ డాక్టరమ్మ చెప్పింది: "సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్. అంటే లోపలి చెవో, దాని నరమో ఉన్నట్టుండి దెబ్బతినడం. చాలామందిలో కారణం దొరకదు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే మంచి ఛాన్స్ ఉండేది. ఇప్పుడూ ట్రై చేద్దాం, గ్యారంటీ మాత్రం ఇవ్వలేను." ఎమ్మారై తీశారు, నార్మల్. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. షుగర్ పెరిగింది, నిద్ర కరువైంది, నోటికి అదుపు పోయింది. ఒకరోజు కాఫీ చల్లారిందని అన్నను నోటికొచ్చినట్టు తిట్టి గ్లాసు గోడకేసి కొట్టాను. అన్న గ్లాసు తీసి కడుగుతూ, "గా మాటలు నీయి కావురా, గోలీలయి" అన్నాడు.

మాత్రలతో లాభం లేకపోయేసరికి ఇంట్రాటింపానిక్ ఇంజెక్షన్లన్నారు. కర్ణభేరిలోంచి సూది. పక్కకు తిరిగి పడుకుని, అరగంట గుటక వేయకుండా ఉండాలి. రెండో ఇంజెక్షన్ తర్వాత గుడిలో అన్న గంట కొడితే ఎడమ చెవికి ఏదో తగిలింది. "వచ్చిందన్నా, వచ్చింది!" అని చిన్నపిల్లాడిలా ఎగిరాను. కానీ ఆ గంట రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. కుడి చెవిలో ఒక శ్రుతి, ఎడమ చెవిలో ఇంకో శ్రుతి. డిప్లాక్యూసిస్ అంటారట. మూడో ఇంజెక్షన్ నాటికి ఆ డబ్బా చప్పుడు కూడా పోయింది.

చివరి ఆడియోగ్రామ్ రోజు నేను చేసింది చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. చిన్న గదిలో కూర్చోబెట్టి, బీప్ వినపడితే బటన్ నొక్కమంటారు. కుడి చెవికి పరీక్ష చేసేటప్పుడు అక్కడి టెక్నీషియన్ అమ్మాయి ఎంత ఎడంతో బీప్ ఇస్తోందో లెక్క పట్టాను. తాళం పట్టడం నాకు అలవాటైన పనే కదా! ఎడమ చెవి వంతు వచ్చాక ఆ లెక్కతోనే నొక్కుతూ పోయాను. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసి, "సార్, నేనింకా సౌండ్ ఇవ్వనేలేదు" అంది. తల ఎత్తలేకపోయాను.

"ఇక ఇంజెక్షన్లు ఆపేద్దాం. ఉన్న చెవిని జాగ్రత్తగా కాపాడుకుందాం" అంది డాక్టరమ్మ. "ఫోన్లో మోనో సెట్టింగ్ ఉంటుంది. రెండు వైపులదీ కలిపి ఒకే చెవికి వస్తుంది."

ఇంటికొచ్చి ఆ సెట్టింగ్ పెట్టి నీలం అట్ట ఆల్బమ్ విన్నాను. తండ్రీ కొడుకూ ఒకరి మీద ఒకరు పడి, ఒకేసారి మాట్లాడేస్తున్నారు. అడగడం లేదు, జవాబు లేదు. అర నిమిషంలో ఆపేశాను.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. పొద్దున షో చేస్తున్నాను, దానికి ఒక చెవి చాలు. ఆదివారం గంట నేనే వదిలేశాను. సగం వినే మనిషి పూర్తిగా విన్నట్టు నటించడం జనాన్ని మోసం చేయడమే అనిపించింది. కూత ఇంకా ఉంది. రోడ్డు దాటుతుంటే ఆటో ఎటునుంచి వస్తోందో తెలియదు.

మొన్నొక సాయంత్రం అన్న ఇంటికొచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. వైరున్న ఇయర్‌ఫోన్ తీసి కుడి ముక్క నా చెవిలో పెట్టి, ఎడమది తను పెట్టుకున్నాడు. ముందుకు వంగి నా కుడి చెవికి వినపడేలా, "గిప్పటిసంది నా దిక్కు నువ్వు విను, నీ దిక్కు నేను వింట" అన్నాడు. నీలం అట్ట ఆల్బమే. కొడుకు వాయించి ఆగాడు. తండ్రి వంతు వచ్చింది. నా చెవిలో ఏమీ లేదు.

"ఏం వాయిస్తుండన్నా?"

రేడియోలో ఇద్దరినీ కలిపి విన్నాడే గానీ, తండ్రిని విడిగా అన్న ఎన్నడూ వినలేదు. కళ్లు మూసుకుని ఆ ముక్కను చెవిలోకి ఇంకా అదుముకున్నాడు. "ఇన్నేండ్లు గీయన్నే విన్నవారా నువ్వు?" అన్నాడు చివరికి. "మస్తు వాయిస్తుండురా." నాకు అన్న మీద అసూయ కలిగింది. ఆపుకోలేక ఏడ్చాను.

మీకు చెప్పేది ఒక్కటే. ఒక చెవికి ఉన్నట్టుండి వినపడకపోతే హెడ్‌ఫోన్‌నో ఫోన్‌నో తిట్టకండి. హెడ్‌ఫోన్‌ను అటుదిటు తిప్పి పెట్టుకోండి. చప్పుడు లేకపోవడం దానితోపాటు రెండో చెవికి మారితే రిపేరు షాపుకు వెళ్లండి. మారకుండా అదే చెవిలో ఉండిపోతే, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రహీం భాయ్ ఆ పని చేయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. నేను మొదటి రోజే చేయాల్సింది.