నాన్న నీళ్ళు

మైపాడు దారిలో ఎండు సరుగుడాకు కాలే వాసన తగిలితే, ఇప్పటికీ నా పెదవులు పాఠం అప్పజెబుతున్నట్టు వాటంతటవే కదులుతాయి.

నాన్న చేపల వేట నుంచి వచ్చే వేళకు అమ్మ ఆ ఆకుతోనే పొయ్యి రాజేసి కాగులో నీళ్ళు పెట్టేది. ఒంటికంటిన ఉప్పు వదలాలి గదా. అవి కాగేదాకా నేను పొయ్యి పక్కన కూర్చుని గట్టిగా చదవాలి. నన్ను టీచర్ని చెయ్యాలని నాన్న పెట్టిన పద్ధతి అది.

ఒక తుఫానులో ఆయన పడవ తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు అమ్మ మళ్ళీ కాగు పొయ్యి మీదికెక్కించింది.

"నాయన వస్తాడామ్మా?" అన్నాను.

"నువ్వు చదువు మే. నీళ్ళు కాగతా ఉండాయి," అనింది.

తప్పుల్లేకుండా చదివితే నాన్న వస్తాడనుకున్నాను. ఒక్క మాట తడబడినా, తలుపు వైపు చూసి మళ్ళీ మొదటినుంచి చదివేదాన్ని. నీళ్ళు తెర్లి తెర్లి చల్లారిపోయేవి.

అమ్మ ఆ నీళ్ళు కాచింది నా చదువు కోసమేనని టీచర్నయ్యాక గాని తెలియలేదు.

ఇప్పుడు ఇంట్లో గీజరుంది. అయినా మా పాప పుస్తకం తీయగానే స్టవ్ మీద గిన్నెడు నీళ్ళు పెడతాను.

"ఎవరికమ్మా ఈ నీళ్ళు?" అని అడిగింది మొన్న.

"నువ్వు చదువు మే," అన్నాను.

చదువుతూ చదువుతూ, అది తలుపు వైపు చూసింది.