వేలు అడ్డం పడ్డ ఫోటోలు

హన్మవ్వకు దారి చెప్పే మనిషి కోటగిరి చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. ఆ మాట ఆవిడే అనేది, కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. చెరకు నరికే రోజుల్లో ఎత్తైన తోటల్లో తికమకపడ్డ కూలీలను గట్టు మీంచి గొంతు చించుకొని పిలిచి బయటికి తెచ్చిన మనిషి మరి. భర్త లింబయ్య పోయాక ఆ ఊరు వదిలి నిజామాబాద్‌లో కొడుకు సురేందర్ దగ్గరికి వచ్చినా ఆ పెత్తనం తగ్గలేదు. ఆటోవాడు ఆవిడ చెప్పిన సందులోంచి పోకపోతే మధ్యలోనే దిగిపోయేది.

కోడలు లత కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తన పాత ఫోను అత్తకిచ్చింది గానీ అకౌంటు మార్చలేదు. దాంతో హన్మవ్వ తీసిన ఫోటోలన్నీ లత ఫోనులోకే వచ్చి పడేవి. అవేం ఫోటోలు! కరెంటు స్తంభం, పిండి గిర్ని గోడ, సగం నీలం గేటు, అన్నింటికీ అడ్డంగా బొటనవేలు. రోజూ సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టి లత వాటిని తీసేసేది. ఇక్కడ తీసేస్తే అత్త ఫోనులోనూ పోతాయి, చెత్త వదిలిందనుకునేది.

"అత్తమ్మా, ఊకె బటన్ ఒత్తుకుపోతున్నది. జర చూసి పట్టుకో" అనేది. హన్మవ్వ మారు మాట్లాడేది కాదు. అంత నోరున్న మనిషి ఎందుకు ఊరుకుంటోందో లతకు తట్టలేదు. తట్టాల్సింది.

ఆ రోజు పొద్దున్నే హన్మవ్వ బోధన్‌లోని కూతురు సుష్మ ఇంటికని ఒక్కతే బస్సెక్కింది. మధ్యాహ్నం సుష్మ ఫోన్ చేసింది.

"వదినా, అవ్వ ఇంక రాలే. నీకేమన్న ఫోన్ చేసిందా?"

లత గడియారం చూసింది. ఈపాటికి బోధన్ పోయి తిరిగి కూడా రావచ్చు. అత్తకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ మళ్లీ చేసింది. సురేందర్ పసుపు లోడుకని ఏర్గట్ల పోయి ఉన్నాడు. "అవ్వ తప్పిపోవుడేంది? ఏడనో ముచ్చట పెట్టుకుంట కూసున్నది" అన్నాడు. అన్నాడే గానీ ఆ గొంతులో ధైర్యం లేదు.

పోలీసులకివ్వడానికి అత్త ఫోటో ఒకటి చూద్దామని లత గ్యాలరీ తెరిచింది. పైన కొత్తవి ఉన్నాయి. బస్సు చక్రం. ఏదో గోడ. చూస్తుండగానే ఇంకోటి వచ్చింది, ఎండకు మెరిసే మట్టి. అలవాటు కొద్దీ చెరపబోయిన వేలు ఆగిపోయింది.

మొన్నామధ్య ఇంట్లో ట్యూషన్‌కు వచ్చిన పిల్లలు మెటాడేటా అంటే ఏంటని అడిగారు. డేటా గురించిన డేటా అని పుస్తకంలో మాట చెబితే తెల్లమొహాలు వేశారు. అప్పుడు తనే విడమరిచింది. "ఫోటోల కనవడేది డేటా. అది ఎప్పుడు తీసిన్రు, ఏడ తీసిన్రు, గది ఫోటోల కనవడది. అయినా ఫోను రాసుకుంటది. గదే మెటాడేటా. బొమ్మ ఖరాబైనా అది ఉంటది."

లత ఫోటోను పైకి జరిపింది. కింద మ్యాపు వచ్చింది. బస్సు చక్రం బోధన్ బస్టాండులోది. గోడ మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీది. మట్టి మాత్రం ఊరు దాటాక, కోటగిరి రోడ్డుది. సుష్మ ఇల్లు అటు కాదు.

సుష్మకు ఆ మాట చెప్పి స్కూటీ తీసింది. బోధన్ చేరాక ఆగి చూస్తే ఇంకో ఫోటో ఉంది. ఈసారి నీళ్లు. కాలువ నీళ్లు. దాని తర్వాత ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. చెరకుకు నీళ్లు వదిలిన రోజులు, కాలువ నిండుగా పారుతూ ఉంటుంది. లతకు వద్దనుకున్నా చెడ్డ ఆలోచనలే వచ్చాయి.

ఆ ఫోటో కింద మ్యాపు చూపిన చోటికి పోతే, కాలువ మీది చిన్న వంతెన గోడపై హన్మవ్వ కూర్చుని ఉంది. రెండు చేతుల మధ్య ఫోను.

"ఫోను ఎందుకెత్తవ్ అత్తమ్మా? మా పానం పోయింది!" లత ఏడుపు, కోపం ఒక్కసారే బయటపడ్డాయి.

"ఎత్తితె ఏడున్నవని అడుగుతరు. ఏం జెప్పాలె?"

లత స్కూటీకి స్టాండు వేసింది.

"నువ్వే గద పిల్లలకు జెప్పినవ్, ఫోటో కొడితె ఏ జాగనో రాసుకుంటదని. తొవ్వ మర్లిన కాడల్లా కొడ్తున్న. తప్పిపోతె ఎవరికన్న సూపెడ్దమని. ఇగ ఫోను సచ్చిపాయె. అడుగు ముందటికి వెయ్యబుద్ధి కాలే, ఈడనే కూసున్న." హన్మవ్వ గొంతు తగ్గించింది. "ఇంటి కాడ గూడ రోజు కొడ్తున్న బిడ్డా. పాలకు పోంగ, రాంగ. పొద్దుగూకినంక సూస్తె ఒక్కటుండది. తొవ్వలే మర్సిపోతున్న అనుకున్న. కొట్టిన్నో లేదో గది గూడ మర్సిపోతున్ననేమో. నాకు బయమైతున్నది."

లత ఆవిడ పక్కన కూలబడింది. కూర ఉడికే లోపు ఎంత తేలిగ్గా తీసేసేది!

"నువ్వు కొట్టినవ్ అత్తమ్మా. నేనే తీసేసిన. రోజూ నేనే తీసేసిన."

తిడుతుందనుకొని తల వంచుకుంది. హన్మవ్వ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అంటే, నేను కొట్టిన్నా?"

"కొట్టినవ్."

"అన్నీ?"

"అన్నీ."

"ఇంకోపారి జెప్పు" అంది హన్మవ్వ.