దేవుడి ద్వారా అందిన చీవాట్లు

క్రిస్మస్ సెలవులకు మొదటిసారి కళింగపట్నంలోని మా అత్తగారింటికి వచ్చాను. మాది పూజగది ఉన్న ఇల్లు, వీళ్లది బాప్టిస్టు కుటుంబం. ఈ రోజు పొద్దున్న అందరం కళ్లు మూసుకుని కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. నన్ను ఇంతవరకు పల్లెత్తు మాట అనని అత్తగారు దేవుడికి మాత్రం అన్నీ చెప్పేశారు.

“ప్రభువా, మా కోడలు మంచి పిల్లే. కానీ పొద్దెక్కీదాకా తొంగుంటాది. దానికి బేగి లెగిసే బుద్ధి దయసెయ్యి తండ్రీ.”

అందరూ “ఆమెన్” అన్నారు. తర్వాత వంతు నాదట!

“ప్రభువా, తిన్న కంచం తానే కడుక్కునే బుద్ధి మా ఆయనకు దయచెయ్యి తండ్రీ” అన్నాను.

అలవాటు కొద్దీ అందరూ “ఆమెన్” అనేశారు. అందరికంటే గట్టిగా అన్నది అత్తగారే.

మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన కంచం లాక్కుని గబగబా కడిగేసింది కూడా ఆవిడే. ఒకసారి ఆమెన్ అన్నాక వెనక్కి తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, రేపు పొద్దున్న మళ్లీ ప్రార్థన ఉంది.